ఎడమ రెక్క

సొరుగును పూర్తిగా బయటికి లాగి, కిటికీ వెలుగు పడే చోట బల్ల మీద పెట్టి, పురుగుల మాస్టారు దాని అంచు మీద వేలి కణుపుతో మెల్లగా తట్టారు. తర్వాత వంగి, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా, ఒక్కొక్క పెంకుపురుగు కిందా చూశారు. ఎక్కడైనా గోధుమరంగు పొడి చిటికెడు రాలి ఉంటే ప్రమాదం. చచ్చి ఎండిన పురుగుల్ని లోపల్నుంచి తొలిచి తినే పురుగు ఒకటుంది. అదీ పెంకుపురుగే, ఆవగింజంత ఉంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, మాస్టారు చాలాసార్లు పట్టారు. పట్టిన ప్రతిసారీ దాన్ని కూడా అట్టముక్క మీద అతికించి, చీటీ రాసి, దాని వరసలో దాన్ని పెట్టారు. దొంగ అయితే మాత్రం దానికి చోటివ్వకుండా ఎలా ఉంటారు?

ఈ సొరుగులో పొడి లేదు. మూలనున్న గుడ్డసంచిలో కలరా ఉండలు అరిగిపోతే కొత్తవి రెండు వేసి, సొరుగును మళ్లీ లోపలికి నెట్టారు. కర్ర కర్రను రాసుకుని కిర్రుమంది. తర్వాతి సొరుగు లాగారు.

మ్యూజియంలో ఈ గది పై అంతస్తులో వెనకవైపు ఉంటుంది. జనం కింద తిమింగలం ఎముకలు చూసి, పిల్లలకు ఐస్‌క్రీములు కొనిపెట్టి వెళ్లిపోతారు. ఇంతదాకా ఎక్కే ఓపిక ఎవరికీ ఉండదు. గోడల పొడుగునా బీరువాలు, బీరువాల నిండా సొరుగులు, సొరుగుల నిండా సూదుల మీద నిలబడ్డ పెంకుపురుగులు. గదంతా కలరా ఉండల వాసన. ఆ వాసన మాస్టారి కోటుకు ఎంత పట్టిందంటే, ఆయన పెళ్లిళ్లకు వెళ్తే పక్క కుర్చీవాళ్లు మొహమాటపడి కాస్త జరిగి కూర్చునేవారు.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా అందరికీ మాస్టారే. రిటైరై చాలా ఏళ్లయింది. రిటైరైన మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ప్రత్యక్షమైతే, వాచ్‌మన్ కంగారుపడ్డాడు.

“ఏం మర్చిపోయారు మాస్టారూ?”

“పురుగుల్ని” అన్నారాయన.

ఆ తర్వాత వాచ్‌మన్ మళ్లీ ఎప్పుడూ అడగలేదు. దూరం నుంచి చూడగానే చిన్న గేటు తీసి పట్టుకునేవాడు.

ఇవాళ పొద్దున కూతురు మాత్రం వదల్లేదు. కోటు గుండీలు పెడుతూనే సణిగింది. “రాత్రి ఛాతీలో బరువుగా ఉందన్నావు కదా నాన్నా. ఒక్కరోజు మానేస్తే కొంపలేం మునగవు.”

“మునుగుతాయే. వర్షాకాలం పోయిందో లేదో ఆ తినే పురుగు బయల్దేరుతుంది. ఈ వారంలో అన్ని సొరుగులూ తట్టాలి.”

“డాక్టరు నిన్నూ ఓసారి తట్టి చూస్తానన్నాడు. రేపు పొద్దున తీసుకెళ్తున్నాను, మాట తప్పావంటే ఊరుకోను.”

“సరేనే తల్లీ” అని, ఫ్లాస్కు చంకన పెట్టుకుని బయటపడ్డారు.

ఇప్పుడు ఆయన లాగిన సొరుగు కిటికీ పక్క బీరువాలో అట్టడుగుది. దీన్ని తట్టే ముందు ఆయన కుర్చీలో కూర్చుంటారు. జేబులోంచి భూతద్దం తీస్తారు. దాని పిడికి నీలం దారం దట్టంగా చుట్టి ఉంటుంది. ఎక్కడ పెట్టానో, ఎక్కడ పెట్టానో అని రోజూ గదంతా వెతుక్కుంటుంటే, చూసి చూసి విసుగెత్తి భార్య చుట్టిన దారం అది. పిడి దగ్గర రంగు వెలిసి బూడిదలా అయింది గాని ముడి మాత్రం ఊడలేదు.

సొరుగులో ఎడం చివర ఒక పురుగు ఒంటరిగా ఉంది. మట్టిరంగు. మెరుపు లేదు, మచ్చ లేదు, కొమ్ము లేదు. దారిలో కనబడితే ఎవరూ రెండోసారి చూడరు. దాని సూది మాత్రం ఎడమ రెక్కలో ఉంది.

పెంకుపురుగుకు పైన రెండు గట్టి రెక్కలుంటాయి. సూది కుడిదాంట్లోనే గుచ్చాలి. అప్పుడు ఎడమవైపు చెక్కుచెదరకుండా ఉండి, తర్వాత చూసేవాళ్లకు పనికొస్తుంది. ఎవరు పెట్టిన కట్టుబాటో గాని, లోకంలో ఏ పురుగుల గదికి వెళ్లినా ఇదే పద్ధతి. ఇన్ని వేల పురుగుల మధ్య ఎడమవైపు గుచ్చింది ఒక్కటుంటే, చొక్కా తిరగేసి తొడుక్కున్న మనిషిలా కంటికి తగులుతుంది.

దాన్ని గుచ్చింది ఆయన భార్య. అప్పటికింకా భార్య కాదు. పురుగులకు సూదులు గుచ్చే ఉద్యోగంలో కొత్తగా చేరింది. కొండమీద ఒక కుళ్లిన దుంగలో దొరికిన ఆ పురుగును మాస్టారు తడి ఇసుక డబ్బాలో మెత్తబెట్టి ఆమె ముందు పెట్టారు. చూస్తుండగానే ఆమె దాన్ని తన వైపు తిప్పుకుని కసుక్కున గుచ్చేసింది.

“కుడివైపండీ, కుడివైపు!” అని ఆయన కుర్చీలోంచి లేచి అరిచారు.

“నా కుడే కదండీ ఇది?”

“మీ కుడి కాదు, దాని కుడి. తల అటు తిప్పి పెట్టుకోవాలి. ఎవరైనా ఇలా మొహానికి మొహం పెట్టుకుంటారా?”

“మొహమైనా చూడకుండా సూదెలా గుచ్చమంటారండీ?” అందామె.

మాస్టారు ఇంకో బెజ్జం పడితే పురుగు విరుగుతుందని దాన్ని అలాగే వదిలేశారు. ఆ ఏడాది చివరికి ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. పిన్నులు గుచ్చే మనిషి కాబట్టి ఆఫీసంతా ఆమెను పిన్నిగారనేది, ఆమె కంటే పెద్దవాళ్లు కూడా. ఆ గదిలో ఆమె గుచ్చిన పురుగులకు లెక్కలేదు. మళ్లీ ఒక్కదానికీ ఎడమవైపు గుచ్చలేదు.

ఆయన సంగతి చెప్పాలంటే, వందలకొద్దీ జాతులకు పేర్లు పెట్టిన ఉద్దండులున్న విద్య ఇది. మాస్టారు జీవితం మొత్తం మీద పెట్టినవి రెండే. మొదటిది రాగీ ఆకుపచ్చా కలిసి ధగధగలాడే పురుగు. ఎండలో కొండపూల మీద దొరికింది. లాటిన్‌లో మెరిసేదని అర్థం వచ్చే పేరు పెట్టారు. రెండోది ఈ మట్టిరంగుది. ఏ పుస్తకంలో బొమ్మకూ సరిపోకపోతే, కొత్త జాతేనని తేల్చి, భార్య పేరుకు లాటిన్ తోక తగిలించి అచ్చు వేయించారు. ఆ పేరుకు సాక్షి ఈ పురుగేనని దాని సూదికి ఎర్ర చీటీ గుచ్చారు.

తేల్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పురుగును మళ్లీ మెత్తబెట్టి, కడుపు చివర కోసి, ఆడదో మగదో, ఏ జాతికి దగ్గరో చూడాలి. ఉన్నది ఒక్కటే, పాడవుతుందేమో అని ఆయన తనకు తాను చెప్పుకున్నారు. అసలు సంగతి అది కాదు. ఆమె మొహం చూసి గుచ్చిన పురుగు మీద కత్తి పెట్టడానికి ఆయనకు చేయి రాలేదు.

పేరు అచ్చయిన రోజు ఆమె చాలాసేపు దాన్ని చూసి మూతి ముడిచింది.

“అంత మెరిసేదాన్ని వదిలేసి ఈ మట్టిముద్దకా నా పేరు?”

“దానికి పేరు ముందే పెట్టేశాను కదే. అయినా ఇది మాత్రం ఏం తక్కువ?”

“కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టుంది. పోనీ, దాని పక్కనైనా పెట్టండి. దాని వెలుగు కాస్త నా మీద పడుతుంది.”

“కుదరదు. వరస వేరు.”

వరస వేరు కాబట్టి మెరిసేది పై సొరుగులోకి, మట్టిరంగుది అట్టడుగు సొరుగులోకి వెళ్లాయి. పైకి మూతి ముడిచినా ఆమెకు లోలోపల గర్వమే. “నా పేరున ఇల్లూ లేదు, పొలమూ లేదు, పురుగుంది” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. ఆమె పోయి నాలుగు చలికాలాలైంది. పురుగు కింద చీటీల మీద పట్టినవాడి పేరు రాస్తారు, పేరు పెట్టినవాడి పేరు రాస్తారు. గుచ్చినవాళ్ల పేరు ఎవరూ రాయరు. ఆ గదిలో సగం ఆమె చేతిపనే అయినా, ఆమె పేరు కనబడేది ఈ ఒక్క చోటే. తాను పోయాక కూడా ఇది ఉంటుందన్నదే మాస్టారి ధైర్యం.

భూతద్దం పట్టుకుని రోజూ చూసినట్టే చూశారు. పొడి లేదు. అప్పుడే తలుపు చప్పుడైంది.

వచ్చింది పరిశోధన చేసే అమ్మాయి. వర్షాకాలమంతా కొండమీదే ఉండి, నల్లబడి, మోకాలి మీద గాయం మచ్చతో తిరిగొచ్చింది. పనంతా ఆయన దగ్గరే నేర్చుకుంది. ఎప్పుడూ గలగలా మాట్లాడుతూ వచ్చే పిల్ల ఇవాళ తలుపు దగ్గరే ఆగిపోయింది.

“ఏమ్మా, కొండ మాట కూడా లాగేసుకుందా?”

“మాస్టారూ, మీకొకటి చూపించాలి.”

చేతిలో ఉన్న చిన్న అట్టపెట్టె బల్ల మీద పెట్టి మూత తీసింది. లోపల కొన్ని మెరిసేవి, కొన్ని మట్టిరంగువి. ఇన్నేళ్లలో ఆ రెండో పురుగు ఇంకొకటి ఆయనకు దొరకలేదు. ఆనందంగా పెట్టెను కిటికీ వైపు తిప్పుకున్నారు. ఒక అట్టముక్క మీద మెరిసేదీ మట్టిరంగుదీ విడిపోకుండా ఉన్న జంట కనబడింది. మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

“ఒకటే దుంగ మాస్టారూ” అంది అమ్మాయి, ఆయన మొహం చూడకుండా. “మట్టిరంగువి పగలు బయటికి రావు. మెరిసేవే వాటిని వెతుక్కుంటూ లోపలికి వెళ్తున్నాయి. ఒక్క తల్లి పెట్టిన గుడ్లు డబ్బాలో పెంచాను. రెండు రకాలూ వచ్చాయి.”

“కడుపు కోసి చూశావా?”

“చూశాను. మెరిసేవన్నీ మగవి. ఇవన్నీ ఆడవి.”

అంటే రెండు జాతులు కావు, ఒకటే. రెండు పేర్లు ఒకే జాతివని తేలితే ముందు పెట్టింది నిలుస్తుంది, తర్వాత పెట్టింది పోతుంది. ఎవరి పేరన్నది చూడరు. ఆ అమ్మాయికి ఈ నియమం నేర్పింది ఆయనే.

“ఏదో దుంగలో రెండు పురుగులు కలిసి ఉంటే చాలా? డబ్బాలో గుడ్లు కలిసిపోయుండవూ? కుర్రకారు తొందర!” అని ఆయన గొంతు పెంచారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే రకం కాదు మాస్టారు. కానీ ఆ నిమిషంలో వాదించారు. అమ్మాయి ఎదుటి స్టూలు మీద కూర్చుంది. చివరికి మెల్లగా అంది.

“దీన్ని ఇప్పుడే అచ్చు వేయాల్సిన పనేం లేదు మాస్టారూ. తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.”

ఆ ‘తర్వాత’ అంటే తాను పోయిన తర్వాత అని ఆయనకు అర్థమైంది. ఆ పిల్ల మంచితనం చెంపదెబ్బలా తగిలింది. భోజనం డబ్బా తీసుకుని, మెట్లు దిగి వెనక పెరట్లోకి వెళ్లిపోయారు.

పెరట్లో గోడవారగా సిమెంటు బెంచీ ఉంది. ఒకప్పుడు ఇద్దరూ అక్కడే కూర్చుని తినేవారు. ఆమె తినడం మానేసి చీమల్ని చూస్తుంటే, చీమలు మన శాఖ కాదని ఆయన కసిరేవారు. ఇవాళ డబ్బా మూత తీశారు గాని ముద్ద దిగలేదు. ఛాతీలో బరువు రాత్రి కంటే ఎక్కువగా ఉంది.

వద్దంటే ఆ అమ్మాయి ఎన్నాళ్లయినా ఆగుతుంది. ఆయన ఉన్నంతకాలం ఆ పేరు ఉంటుంది. ఎవరికి నష్టం? పురుగులకు తమ పేరేమిటో కూడా తెలియదు. అలా అనుకుంటే కాసేపు హాయిగానే అనిపించింది. తర్వాత మెల్లగా వేరే జ్ఞాపకం వచ్చింది.

ఆమె జబ్బుపడి వెనకగదిలో మంచం మీద ఉన్న రోజులు. ఆయన ముందుగదిలో మైక్రోస్కోపు ముందు కూర్చునేవారు. మధ్యలో ఒక గోడ. “ఏవండీ, ఇక్కడికొచ్చి కూర్చోకూడదూ?” అని గోడ అవతల్నుంచి పిలిచేది. “వస్తున్నా, ఈ ఒక్కటీ అయిపోనీ” అనేవారు. ఆ ఒక్కటీ అయ్యేసరికి ఇంకొకటి ఉండేది. ఆయన వెళ్లలేదని కాదు, వెళ్లేవారు. కానీ పిలిచినన్నిసార్లు వెళ్లలేదు. ఇప్పుడు ఆ గోడ తలుచుకుంటే ఆయనకు ఏడుపొస్తుంది.

అప్పుడు తట్టింది. ఆయన బెంచీ మీదే చిన్నగా నవ్వారు. మొగుణ్ణి పై సొరుగులో, పెళ్లాన్ని అడుగు సొరుగులో పెట్టి, వరస వేరంటూ ఇన్నేళ్లు తాళం వేశాడు తను. పక్కనైనా పెట్టండి అని ఆ మనిషి నోరు తెరిచి అడిగినా వినలేదు. నవ్వుతూ నవ్వుతూ కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు.

తిరిగి మెట్లెక్కేటప్పుడు రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. గదిలో అమ్మాయి కూర్చున్న చోటే కూర్చుని ఉంది, అట్టపెట్టె మూత పెట్టేసి.

“లేవమ్మా. పై సొరుగు లాగు.”

“మాస్టారూ...”

“గుడ్లేం కలిసిపోలేదు. నువ్వు నా దగ్గర నేర్చుకున్నదానివి, నాకు తెలియదా?”

సన్నటి పాళీ సిరాలో ముంచి, గోరంత చీటీ మీద మెరిసేదాని పేరు రాశారు. అక్షరం అక్షరానికీ ఆగారు. నేను రాయనా అని అమ్మాయి ముందుకొస్తే తల అడ్డంగా ఊపారు. చీటీ ఆరేదాకా ఊదారు. సన్నటి పటకారుతో సూదిని పట్టుకుని, మట్టిరంగు పురుగును దాని పాత చోటునుంచి మెల్లగా పైకి లాగారు. సూది కింద కొత్త చీటీ ఎక్కించారు.

“పాత చీటీ తీసెయ్యాలా?” అని అమ్మాయి అడిగింది. ఆమెకు తెలియక కాదు.

“తీస్తారా ఎక్కడైనా? తప్పని తేలినా చీటీ చీటీయే. దాని పని అది చేసింది. కొత్తది కింద ఉంటుంది, పాతది పైన ఉంటుంది.”

పైన అంటే పురుగుకు దగ్గరగా. భార్య పేరున్న చీటీ, ఎర్ర చీటీ, రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పై సొరుగులో మెరిసేదాని కుడిపక్కన ఖాళీ చేసి, మాస్టారు మట్టిరంగుదాన్ని అక్కడ గుచ్చారు.

“పుస్తకాల్లో మాత్రం పిన్నిగారి పేరు పోతుంది కదా మాస్టారూ” అంది అమ్మాయి.

“పోతుంది. నాకు బాధగానే ఉందమ్మా, లేదంటే అబద్ధం.” ఆయన పటకారు కింద పెట్టారు. “కానీ ఆవిడ అడిగింది పేరు కాదు. దాని పక్కన పెట్టమని అడిగింది. ఇన్నాళ్లకు విన్నాను. నువ్వు ఆలస్యం చెయ్యకుండా అచ్చుకు పంపించు. తప్పు నాదేనని స్పష్టంగా రాయి, మొహమాటపడకు.”

ఇద్దరూ ఫ్లాస్కులో టీ పంచుకుని తాగారు. ఎండ కిటికీ దిగి నేల మీదికి వచ్చింది. వెళ్లేటప్పుడు అమ్మాయి తలుపు దగ్గర మళ్లీ ఆగింది.

“రేపొస్తాను మాస్టారూ.”

“మధ్యాహ్నం రా. పొద్దున మా అమ్మాయి డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుందట. తర్వాత ఎదుటి బీరువా తడదాం.”

ఆమె అడుగుల చప్పుడు మెట్లమీద దూరమయ్యాక, మాస్టారు తన కుర్చీలో కూర్చోలేదు. కిటికీ పక్కన భార్య కూర్చునే పొట్టి కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. అది తక్కువ ఎత్తుది. అక్కడినుంచి చూస్తే పురుగుల మొహాలు సరిగ్గా కళ్లకు ఎదురుగా ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆయన వాటినెప్పుడూ ఇంత కింది నుంచి చూడలేదు.

“ఇదిగో, వచ్చేశాను” అన్నారు. గదిలో ఎవరూ లేరు.

సాయంత్రం తలుపులు వేయడానికి వాచ్‌మన్ పైకొచ్చాడు. “మాస్టారూ, వేళయింది” అన్నాడు. మాస్టారు గడ్డం ఛాతీకి ఆనించి కునుకు తీస్తున్నట్టున్నారు. అప్పుడప్పుడూ అలా కునుకు తీయడం మామూలే కాబట్టి, వాచ్‌మన్ ముందు కిటికీలన్నీ మూసి, గొళ్లాలు పెట్టి, అప్పుడు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. భుజం చల్లగా ఉంది. పెద్దాయన ముందు ఎప్పుడూ కూర్చోని వాచ్‌మన్, ఆ రోజు ఎదురుగా స్టూలు మీద కూలబడిపోయాడు.

కొన్నాళ్లకు కూతురు సామాను తీసుకెళ్లడానికి వచ్చింది. కోటు, ఫ్లాస్కు, భోజనం డబ్బా సంచిలో పెట్టుకుంది. కోటును ముక్కు దగ్గర పట్టుకుని కాసేపు నిలబడింది.

“అమ్మ పేరున్న పురుగేదమ్మా?” అని పరిశోధన చేసే అమ్మాయిని అడిగింది. “చిన్నప్పుడు చూశాను. ఎక్కడో కింద సొరుగులో ఉండేది.”

“పైకి వచ్చిందండీ” అని అమ్మాయి కిటికీ పక్క బీరువా తెరిచి, పై సొరుగును జాగ్రత్తగా లాగి బల్ల మీద పెట్టింది. ఆ రోజు సాయంత్రం లోపలికి నెట్టాక దాన్ని మళ్లీ ఎవరూ కదపలేదు. అద్దం మీద నీలం దారం చుట్టిన భూతద్దం మాస్టారు పెట్టినచోటే ఉంది. దాని కింద, మెరిసే పురుగు కుడి రెక్కలో ఒక సూది, మట్టిరంగు పురుగు ఎడమ రెక్కలో ఒక సూది, పక్కపక్కనే ఉన్నాయి.